గిత్తలు మెచ్చిన మెటల్ బ్యాండు

గొంతు చించుకుంటేనే కళ అని గట్టిగా నమ్మిన రోజులవి. నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదువుతూ (అంటే ఫీజు కడుతూ) మేం నలుగురం 'వల్లకాడు' అనే హెవీ మెటల్ బ్యాండు పెట్టాం. ముఖాలకు విభూతి, కళ్ళ చుట్టూ కాటుక, పెదాల చివర కారే కుంకుమ నీళ్ళు, లారీ పట్టా కత్తిరించి కుట్టించిన నల్లటి అంగీలు. పాడేది నేను. పాడటమంటే కడుపులోంచి గుర్రుమనడం. కాలేజీవాళ్ళు ఒక్క పాటకే మైకు కట్టేశారు. అద్దెగది ఓనరమ్మ సామాను బయట పెట్టింది. చివరికి మాచవరం దగ్గర మా ఊళ్ళో బాబాయి గిత్తల కొట్టమే మాకు దిక్కయింది. బండలాగుడు పందేల కోసం ఆయన ప్రాణంగా పెంచుకున్న ఒంగోలు జత అది. ఆయన పక్క దొడ్లో వాటిచేత బండ లాగించే వేళకే మా సాధన కూడా సాగేది. "ఆ అరుపులేందిరా, పీక తెగిన మేకల్లాగా! తిరనాళ్ళ కాగానే మీ డబ్బాలన్నీ పొయ్యిలో పెడతా" అనేవాడు బాబాయి. అన్నంత పనీ చేసే మనిషి. కొట్టం పోతే బ్యాండూ పోయినట్టే.

తిరనాళ్ళ రోజు సాయంత్రం స్టేజీ మీద మాదీ ఒక పాట ఉంది, బతిమాలి సంపాదించుకున్నది. వేషాలు పొద్దున్నే వేసేసుకుని (ఆత్రం!) పందెం చూడ్డానికి పోయాం. బాబాయి జతను బండకు కట్టి విజిలేశారు. గిత్తలు కదల్లేదు. అదిలించారు, తోకలు మెలేశారు. అవి దిక్కులు చూస్తూ నిలబడ్డాయి. జనం ఒకటే నవ్వు. బాబాయి మొహం చూస్తే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఉన్నట్టుండి ఆయన మా వైపు తిరిగి, "ఒరేయ్, చూస్తారేందిరా! రోజూ అరిచే ఆ దరిద్రమేదో అరవండి!" అని కేకేశాడు.

నేను గుర్రుమన్నాను. మా డ్రమ్మర్ పీపాగాడు అక్కడున్న నీళ్ళ డ్రమ్మునే వాయించేశాడు. గిత్తలు చెవులు రిక్కించి, బండనీడ్చుకుంటూ గీత దాటి, ఆపేవాళ్ళను దాటి, చెరకురసం బండి దగ్గర గానీ ఆగలేదు. వంతు కోసం నిలబడ్డ మరో జత మాత్రం మా మొహాలు చూసి కాడితో సహా నరసరావుపేట రోడ్డు పట్టింది.

ఆ జత ఆసామి కమిటీవాళ్ళ మీద పడ్డాడు. "గిత్తల్ని అదిలించడానికి కొరడా తప్ప ఇంకేం వాడగూడదన్నారు గదా! ఈయన నాలుగు దయ్యాల్ని తెచ్చుకుంటే చూస్తా ఊరుకుంటారేంది?"

కమిటీ పెద్దలు తలలు గోక్కున్నారు. అప్పుడు మా బాబాయి, మేకలని తిట్టిన ఆ నోటితోనే, "దయ్యాలేందయ్యా? మా పిల్లలు పాట పాడారు. పాడగూడదని మీ రూల్సులో యాడుంది?" అని నిలదీశాడు. పాట! మా అరుపుల్ని ఆ మాటన్న మొదటి మనిషి ఆయనే. నాకు కాటుకంతా కారిపోయింది.

బాబాయికి బహుమతి ఇచ్చి, మమ్మల్ని నిషేధించారు. సాయంత్రం పాటా రద్దయింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళు మేం అడక్కముందే మమ్మల్ని నిషేధించడం మొదలుపెట్టాయి. వివాదాస్పద బ్యాండు అనిపించుకోవాలన్న మా కోరిక అలా తీరింది. డబ్బాలు మాత్రం పొయ్యిలోకి పోలేదు. దుమ్ము పడకుండా పిన్ని వాటి మీద దుప్పటి కప్పేది.

ఇప్పుడు నేను ఆఫీసులో గట్టిగా తుమ్మినా సారీ చెప్పే మనిషిని. మొన్న ఊరెళితే కొట్టంలో గిత్తల్లేవు, ట్రాక్టరుంది. ఎవరూ లేరు కదా అని దాని ముందు నిలబడి ఒక్కసారి గుర్రుమన్నాను. వెనక నుంచి బాబాయి గొంతు వినిపించింది.

"శ్రుతి పోయిందిరా నీకు. మళ్ళీ పాడు."