బాయిలకెళ్లి ఫ్రాన్సుకు

"నాయినా, గా ఊరికి తొవ్వ ఎటు?"

"మా బాయిలకెళ్లే బిడ్డా. లోపల్లోపల నడుసుకుంట పోతే ఆడ తేల్తం."

మా నాయినా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. నవ్వుకుంటూ మొదటి షిఫ్టుకు పోయాడు. మా గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అనే అంటాం.

ఇది రాస్తున్న మా తమ్ముడి బిడ్డ ఇందాక ఫోనులో ఒక ఊరు చూపించింది. చూడగానే గుర్తుపట్టాను. బాయిలో కొత్త మిషను బిగించడానికి వచ్చిన ఫ్రాన్సు సారు, మా నాయినకిచ్చిన బొమ్మకార్డు మీద ఉన్న ఊరే. నది మీద రాతి వంతెన, చుట్టూ కోటగోడ, నడుమ మొనదేలిన చర్చి. వెనకట యుద్ధాలొస్తే జనమంతా గోడ లోపలికి చేరి తలుపులు మూసుకునేవాళ్లట. "లోపటున్నోళ్లల్ల ఒక్కలు గూడ సావలేదట బిడ్డా" అని సంబురంగా చెప్పేవాడు.

నాయిన అలా నవ్వుకుంటూ పోయిన రోజే బాయిలో పైకప్పు కూలింది. నాయినను గుడ్డ చుట్టి తెచ్చారు. చిన్నపిల్లనని నాకు ముఖం చూపించలేదు.

"ఏడ్వకే అవ్వా, నాయిన ఫ్రాన్సుకు పోయిండు" అని మా అమ్మతో అన్నాను. ఆమె నా నోరు మూసి ఇంకా గట్టిగా ఏడ్చింది.

కార్డులో వంతెన మీద చీమంత మనిషి ఒకడున్నాడు. "బువ్వ తిన్నవా నాయినా?" అని ఎన్నేళ్లు అడిగానో!

నా పెనిమిటి పోయిన నాడు, అందరూ తిడుతున్నా గుడ్డ తీసి నా పిల్లలకు ముఖం చూపించాను.

గింతే కోడలా. రాసింది ఒక్కసారి సదివి వినిపియ్యి.