నేను పట్టిన వైఫై దొంగ

ఒక ఆడపిల్ల నౌకరీని పావుగంటలో నాలుగుసార్లు నరికిన ఘనుణ్ణి మీరు ఎక్కడా చూసి ఉండరు. చూడాలనుకుంటే మా బొగ్గుబావి కాలనీకి రండి. గేటు దగ్గర ఎవరినడిగినా నా ఇల్లు చూపిస్తారు, చూపిస్తూ నవ్వుతారు. నరికింది కత్తితో కాదులెండి, బొటనవేలితో!

మూడేళ్ల కిందటి మాట. కంపెనీ క్వార్టర్లలో మాకూ ఖాజా భాయ్‌కీ మధ్య ఒకటే గోడ. ఆయన బడిపిల్లల యూనిఫాంలు కుడతాడు. ఆ గోడ ఎంత పలుచనంటే, ఆయన అటు తుమ్మితే మా ఇంటామె సరోజ ఇటు నుంచి "నూరేళ్లు" అంటుంది.

ఆ రోజుల్లో మా వైఫైకి పక్షవాతం వచ్చింది. క్రికెట్ పెడితే బౌలర్ చెయ్యెత్తేవాడు. నేను స్నానం చేసి, తల తుడుచుకొని వచ్చినా ఆ చెయ్యి దిగేది కాదు. బావిలో నాతో పనిచేసే రాజేశం నాడి పట్టకుండానే రోగం చెప్పాడు.

"అన్నా, నీ వైఫైల ఎవడో దొంగ సొచ్చిండు. గియ్యాల వైఫై, రేపు బ్యాంకు! గీ యాప్ ఏస్కో. ఎవలెవలు వాడుతుండ్రో చూపిస్తది. ఎర్ర బటన్ ఒత్తితివా, వాడు ఖతం!"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాపం, ఆయనకు యాప్ లేకపోయె!

మరునాడు నాకు రెండో షిఫ్టు. పొద్దున్నే యాప్ తెరిచాను. నా ఫోను, సరోజ ఫోను, టీవీ. వాటి కింద పేరూ ఊరూ లేని అక్షరాల గుంపు ఒకటి! నా గుండె జారి బావి అడుగున పడింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి సరోజ.

"ఇగో, పదకొండింటికి ఖాజా భాయ్ బిడ్డ సమీనాకు ఇంటర్వ్యూ ఉన్నదట. హైదరాబాద్ బడోళ్లు ఫోన్లనే పాఠం చెప్పిచ్చుకుంటరట. రెండేండ్ల సంది నౌకరీ కోసం తిరుగుతుంది పిల్ల. జర నీ లొల్లి బంద్ పెట్టు."

"నేనున్న గదా! కుక్కను గాదు, గల్లీల ఈగను గూడ మొరగనియ్య!"

అన్నమాట నిలబెట్టుకున్నాను. పదకొండింటికి గేటు ముందు కోటగోడలా నిలబడ్డాను. మైకులో అరుస్తూ టమాటల ఆటో వచ్చింది.

"ఆగు తమ్మీ! మైకు బంద్ చెయ్యి. మా పిల్లకు ఇంటర్వ్యూ నడుస్తుంది."

"బంద్ జేస్తే టమాటలు ఎట్ల అమ్మాలె కాకా?"

"సైగ చేసుకుంట అమ్ము!"

ఎడమచేత్తో ఆటోను అవతలికి తోలుతూ, కుడిచేత్తో యాప్ చూశాను. దొంగ నెట్టును గటగటా తాగేస్తున్నాడు! ఎర్ర బటన్ ఒత్తాను. గోడ అవతల "యా అల్లా!" అని వినబడింది. పాపం, పిల్లకు ప్రశ్న గట్టిది పడ్డట్టుంది అనుకున్నాను.

రెండు నిమిషాల్లో దొంగ కొత్త అవతారంలో వచ్చాడు. ఒత్తాను. అవతల కుర్చీ పడ్డ చప్పుడు. మూడో అవతారం. అదీ ఒత్తాను.

"సరోజా! వీడు దొంగ గాదు, రాక్షసుడు! ఒక తల నరికితే ఇంకో తల మొలుస్తుంది!"

"నీకున్న ఒక్క తల జర వాడరాదూ? ఎవలో ఏందో అడుగు ముందుగాల."

"దొంగను అడుగుతరానే?" అంటూ నాలుగో తల కూడా తీసేశాను. మీసం దువ్వుకుందును, కానీ అంతలోనే మెడలో కొలత టేపుతో ఖాజా భాయ్ పరుగెత్తుకొచ్చాడు.

"మల్లేశన్నా! నీ నెట్‌కు ఏమైంది? పిల్ల ఫోను, నాది, బీవీది, ఆఖరుకు లాప్‌టాప్... ఒక్కటి నడుస్తలేదు! సిగ్నల్ కావాల్నంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలె. పిల్ల ఏడుస్తుంది!"

నాలుగు. నేను నరికిన తలలూ నాలుగే.

"నా... నా పాస్‌వర్డ్ నీకు ఎవరిచ్చిండ్రు?"

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "నువ్వే ఇస్తివి గద భాయ్! పోయిన రంజాన్‌కు షీర్ ఖుర్మా పంపితిమి. గిన్నె తిప్పి పంపితివి. లోపట చీటీ."

అప్పుడు గుర్తొచ్చింది. పక్కింటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం మా కాలనీలో మహాపాపం. చారెడు చక్కెరైనా పోసి ఇవ్వాలి. ఆ వేళ సరోజ భైంసాలో చెల్లెలింట్లో ఉంది. ఇల్లంతా వెతికితే మొలకెత్తిన ఉల్లిగడ్డ ఒక్కటే దొరికింది. అప్పుడు నాలోని మహాదాత మేల్కొని, పాస్‌వర్డ్ రాసి, కింద "మీ సొంతమనుకొని వాడుకోండి" అని సంతకం కూడా గీశాడు.

"గా ఉల్లిగడ్డ ఇచ్చినా బాగుండు!" అంది సరోజ.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు అదృష్టవంతులు. నేను బొగ్గుబావంత గొయ్యి తవ్వి నా తోకనే పట్టుకున్నాను.

ఎర్ర బటన్ సంగతి ఒప్పుకున్నాను. "మరి తియ్యి ఆ ఎర్ర బటన్!" అన్నాడు ఖాజా భాయ్. ఎలా తీయాలి? కత్తి దూయడమే నేర్చుకున్నానుగానీ, ఒరలో పెట్టడం నేర్చుకోలేదు! యాప్‌ను అటు గీకుతూ ఇటు గీకుతూ ఉండగా, కళ్లు తుడుచుకుంటూ సమీనా వచ్చింది.

"చాచా, ట్యాంకెక్కి ఫోన్ చేస్తే ఇంకొక్క మౌకా ఇచ్చిండ్రు. ఐదు నిమిషాలల్ల మళ్ల వీడియోల కలవాలె. నీ ఫోను నడుస్తుంది గద? ఇటు వట్టుకొని నిలబడు. కదలకు!"

నిలబడ్డాను, రెండు చేతులా ఫోనెత్తి, కరెంటు స్తంభంలా. ఆ పిల్ల మా సరోజ చేసిన జొన్నరొట్టెను తుంచి భిన్నాలు చెప్పింది. చెప్పొద్దూ, యాభై ఏళ్లకు నాకు భిన్నాలు అర్థమయ్యాయి. ముక్కు దురద పెట్టింది, ఈగ వాలింది. కదల్లేదు. చివర్లో ఫోనులోంచి ఒక మేడమ్ గొంతు అడిగింది.

"ఆఖరి ప్రశ్న. ఒక పిల్లవాడు మీ పాఠానికి నాలుగుసార్లు అడ్డం వస్తే ఏం చేస్తారు?"

సమీనా ఫోను పైనుంచి నావైపు చూసింది.

"కొట్టను మేడమ్, తిట్టను. చేతికొక పని అప్పజెప్పి నిలబెడతాను. ఇప్పుడీ ఫోను పట్టుకున్నది ఆ పిల్లవాడే."

ఫోనులో ఇంటర్వ్యూ చేస్తున్న ముగ్గురూ పగలబడి నవ్వారు. నౌకరీ అక్కడికక్కడే వచ్చింది.

కాబట్టి పాఠకులారా, నేలమీదా, నేలకింది బొగ్గుమీదా ఒట్టేసి ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నా వైఫైలో ఎవరు దూరినా బొటనవేలు ఎత్తను. దొరికినవాణ్ణి కూర్చోబెట్టి, చాయ్ పోసి, వినయంగా ఒక్క ముక్కే అడుగుతాను: "అయ్యా, పాస్‌వర్డ్ మీకు నేనెప్పుడు ఇచ్చానో జర యాది చేస్తారా?"