నేను గోడలు కొలిచిన రోజు

సూరత్‌లోని వడోద్‌లో మాదో తెలంగాణ నుంచి వలస వచ్చిన నేతకార్మికుల గల్లీ. ఇంటర్ అయ్యాక ఆర్కిటెక్చర్ ప్రవేశపరీక్షకు తయారవుతున్న రోజులవి. నా గీతలతో మా తలరాత మారుతుందని గట్టి నమ్మకం! ఒకరోజు సాధన కోసం పెద్ద ఇంజనీరులా టేపు పట్టి, గల్లీలోని గోడలన్నీ కొలిచి సుద్దముక్కతో అంకెలు వేశాను.

వెనుదిరిగి చూస్తే పక్కింటి రాజవ్వ ట్రంకుపెట్టె, గ్యాస్ సిలిండరు రోడ్డు మీద పెట్టి ఏడుస్తోంది.

"ఎప్పుడు కూలగొడ్తరు బిడ్డా? జర చెప్పు."

"అయ్యో అవ్వా, నా పరీక్ష కోసం కొలిచిన!"

"మా పాత ఇల్లు పోయినప్పుడు గూడ ఉత్తగనే కొలుస్తున్నమన్నరు."

అంకెలన్నీ తుడిచినా, రాజవ్వ రెండు రోజులు సామాను లోపలికి తేనివ్వలేదు.

ఇప్పుడు నేను ఆర్కిటెక్టును. కొలిచే ముందు ఎందుకు కొలుస్తున్నానో ఇంటివాళ్లకు చెబుతాను. విన్నాక కూడా కొందరు తమ సామాను వైపు చూస్తారు.