అప్పలసూరి ఎంచిన ఫ్యాను

అప్పలసూరికి సముద్రమంటే భయం. జాలరిపేటలో పుట్టినవాడు నలుగురిలో చెప్పుకోగలిగిన సంగతి కాదది.

పంతొమ్మిదో ఏట, డెబ్బయ్యొకటిలో, తండ్రితో వేటకి పోయి తిరిగొస్తుంటే ఒడ్డు కెరటం దగ్గర తెప్ప తిరగబడింది. వల కాళ్లకి చుట్టుకుంది. తండ్రి వల కోసి పైకి లాగేదాకా నీళ్ల కింద ఎంతసేపున్నాడో ఎవరికీ తెలియదు. ఆ మర్నాటి నుంచి వేటకి బయల్దేరే వేళయ్యేసరికి అతనికి జ్వరం వచ్చేది. నటన కాదు, నిజంగానే ఒళ్లు కాలిపోయేది. నెల తిరక్కుండా మల్కాపురంలో ఒక లారీ షెడ్డులో పనికి కుదురుకున్నాడు. సూరిగాడికి ఇంజన్ల పిచ్చి పట్టిందని పేటలో అనుకున్నారు. అననిచ్చాడు.

ఏడెనిమిదేళ్లు గ్రీజులో, డీజిలు వాసనలో సుఖంగా గడిచిపోయాయి. గంగాలమ్మతో పెళ్లయింది. కానీ సముద్రం అతన్ని అంత తేలిగ్గా వదల్లేదు. ఫిషింగ్ హార్బరు కట్టాక పడవ వెనక తగిలించుకునే ఔట్‌బోర్డు ఇంజన్లు ఒకటొకటిగా దిగాయి. లారీ పని తెలిసినవాడు, పైగా పేటవాడు అని అందరూ వాటిని అతని దగ్గరికే మోసుకొచ్చేవాళ్లు. చివరికి హార్బరు గోడ పక్కనే రేకుల షెడ్డు వేసుకోక తప్పలేదు. బాగు చేసిన ఇంజనుని నీళ్లు నింపిన డ్రమ్ములో ముంచి నడిపి చూసేవాడు. డ్రమ్ము దాటి నీళ్లలోకి పోవలసిన అవసరం రాకుండా ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాడు.

ఎనభై నాలుగు వేసవిలో శ్రీరామ్మూర్తి గారు షెడ్డుకి వచ్చారు. పోర్టులో గుమాస్తా పని మానుకుని, బయట లంగరేసిన ఓడలకి మనుషుల్నీ, కూరగాయల్నీ, మందుల్నీ చేరవేసే వ్యాపారం పెట్టిన మనిషి. మద్రాసు నుంచి పంతొమ్మిది అడుగుల ఫైబరు బోటు తెప్పించారు. డీజిలు లాంచీలు ముప్పావుగంటలో పోయే దూరం తన బోటు పావుగంటలో పోవాలని ఆయన పంతం.

"సూరీ, యాభై అయిదు గుర్రాల ఇంజను ఒకటి పెడదామా, పాతికవి రెండా?" అని అడిగారు.

"రెండెట్టండి బాబూ," అన్నాడు అప్పలసూరి ఆలోచించకుండానే. "దేని ట్యాంకు దానికి, దేని పైపు దానికి. ఒకటి సచ్చిపోతే రెండోది ఒడ్డుకి లాగుద్ది."

"రెండింటి బరువు మోయాలి, రెండింటికీ పెట్రోలు పొయ్యాలి. స్పీడు మాత్రం పెద్దదానికే ఎక్కువ. నువ్వెప్పుడూ చచ్చిపోయేదాని గురించే మాట్లాడతావేం?"

అప్పలసూరి నిజంగానే ఎప్పుడూ దాని గురించే ఆలోచిస్తాడు.

పెద్ద ఇంజను ఒక్కటే వచ్చింది. దాంతోపాటు రెండు ప్రొపెల్లర్లు వచ్చాయి. హార్బరులో వాటిని ఫ్యాన్లంటారు. ఒకదాని మీద పదమూడు, రెండోదాని మీద పదిహేడు అని అంకెలు కొట్టి ఉన్నాయి. ఒక్క చుట్టు తిరిగితే ఫ్యాను నీళ్లలో ఎన్ని అంగుళాలు ముందుకు దూసుకుపోవాలో ఆ లెక్క. పదిహేడుది లారీకి టాప్ గేరు లాంటిది. చదును రోడ్డు మీద ఎగురుతుంది. లోడు వేసి సింహాచలం ఘాటు ఎక్కిస్తే ఇంజను గుండె పగులుతుంది.

ఏది సరైనదో డ్రమ్ములో తేలదు. బోటు ఎక్కి, ఇంజను మూలుగు వింటేగాని తెలియదు. అందుకని పదమూడేళ్ల తర్వాత అప్పలసూరి మళ్లీ నీళ్ల మీదకి వెళ్లాడు. బోటు నడిపేది గంగాలమ్మ అన్న సూరన్న. అప్పలసూరి సముద్రానికి వీపు పెట్టి, బోటు అడుగున కూర్చుని, చుట్లు చూపించే మీటరు మీంచి కళ్లు తిప్పలేదు. అరచేతులు చెమటకి జారిపోతున్నాయి. పనిలో ఎంత లీనమైపోయాడో అని శ్రీరామ్మూర్తి గారు మెచ్చుకున్నారు.

పదిహేడుతో, ముగ్గురే ఉన్నప్పుడు, బోటు నీళ్లకి తగిలీ తగలకుండా ఎగిరింది. తర్వాత ఎనిమిది మంది బరువుకి ఇసక బస్తాలు వేయించాడు. ముక్కు ఆకాశానికి లేచింది, వెనక భాగం నీళ్లలో కూరుకుపోయింది. ముల్లు నాలుగు వేల దగ్గర ఆగి పైకి రానంది. కంపెనీ పుస్తకం అయిదు వేలు దాటాలంటోంది. ఇంజనుని వెనక చెక్క మీద ఒక అంగుళం పైకి జరిపి చూశాడు, పెద్ద తేడా రాలేదు. ఫ్యాను మార్చి పదమూడు బిగించాడు. అవే బస్తాలతో ముల్లు అయిదు వేల మూడొందలకి వెళ్లింది, బోటు లేచి నీళ్ల మీదకొచ్చింది. కాకపోతే ఖాళీగా పోయేటప్పుడు ఇంజను కీచుమంటుంది, చెయ్యి బిగబట్టి నడపాలి. స్పీడు బాగా తగ్గుతుంది.

"మనది మనుసుల్నెక్కించీ బోటు బాబూ. పదమూడే ఉంచండి," అన్నాడు.

"నలుగురికి మించి ఎక్కించనులే. ఓడల వాళ్లు చూస్తుండగా ఈడ్చుకుంటూ పోతే నా బోటెవడు పిలుస్తాడు? పదిహేడే ఉండనీ."

అప్పలసూరి పదమూడు ఫ్యానుని గోనెపట్టాలో చుట్టి, స్పానరూ, పట్టకారూ, నట్టు ఊడకుండా గుచ్చే రెండు స్ప్లిట్ పిన్నులూ దాంతోపాటు కట్టి, బోటు ముందు భాగంలో పెట్టాడు. శ్రీరామ్మూర్తి గారు చూసి నవ్వారు.

డిసెంబరులో ఒకనాటి మధ్యాహ్నం సూరన్న షెడ్డుకి వచ్చాడు.

"బావా, సౌండు తేడాగున్నాది. నాలుగు రోజులై సూత్తన్నాను. ఓడలో వంటోడికి కడుపునొప్పంట, తీసుకురమ్మన్నారు. ఓపాలి నువ్వొచ్చి ఇను."

"ఎల్లొచ్చినాక సూత్తాను."

"ఎల్లినప్పుడే కదా ఆ సౌండు వొచ్చీది."

తప్పించుకునే దారి దొరకలేదు. ఎక్కాడు. ఈశాన్యం గాలి గట్టిగా ఉంది. హార్బరు నోరు దాటేసరికి కెరటాలు బోటుని కింద నుంచి కొట్టడం మొదలుపెట్టాయి. పోయేటప్పుడు ఇద్దరే కాబట్టి ఇంజను బాగానే పలికింది. ఓడ దగ్గర వంటవాణ్ణి చాపలో చుట్టి తాళ్లతో దించారు. మనిషి రెండుగా ముడుచుకుపోయి మూలుగుతున్నాడు. అతన్ని పట్టుకోవడానికి నలుగురు ఖలాసీలు దిగారు. ఏడుగురయ్యారు. ఇద్దరు చాలని అప్పలసూరి చేతులతో సైగ చేశాడు. వాళ్ల భాష ఇతనికి రాదు, ఇతని భాష వాళ్లకి రాదు. కెరటంలో గొడవ పెట్టుకునే వ్యవధి కూడా లేదు.

తిరుగు దారిలో ఇంజను మూలిగింది. ముక్కు పైకెత్తుకుని బోటు దున్నపోతులా నడిచింది. డాల్ఫిన్ నోస్ కొండకి ఎదురుగా వచ్చేసరికి ఉన్నట్టుండి మూలుగు ఆగి, ఇంజను గొంతు కీచుమని పైకి లేచింది. బోటు మాత్రం నిలబడిపోయింది.

చూడకుండానే అప్పలసూరికి అర్థమైంది. ఫ్యాను మధ్యలో రబ్బరు బుష్షు ఉంటుంది. రాయికి తగిలినప్పుడు లోపలి గేరు పళ్లు విరిగిపోకుండా జారడానికి పెడతారు. నలుగురన్న మాట నిలవక, ఆర్నెల్లుగా మోయలేని బరువు మోసి మోసి ఆ రబ్బరు కాలిపోయింది. ఇంజను తిరుగుతోంది, ఫ్యాను తిరగడం లేదు.

గాలి బోటుని కొండ వైపు నెడుతోంది. సూరన్న లంగరు వేశాడు. అది అడుగున రాతి మీద గీసుకుంటూ వచ్చేస్తోందే కానీ పట్టడం లేదు. కొండ కింద రాళ్ల మీద కెరటం పగిలి తెల్లగా లేస్తోంది.

"ఫ్యాను మార్సడానికి ఎంతసేపు పడద్ది?" అన్నాడు సూరన్న.

"డ్రమ్ములో అయితే పది నిమిసాలు."

"ఇక్కడ?"

అప్పలసూరి బోటు వెనక్కి వంగి చూశాడు. ఇంజనుని పైకి వంచితే ఫ్యాను బోటుకి రెండు మూరలు వెనక, నీళ్ల మీద వేలాడుతుంది. బోటులోంచి చెయ్యి అందదు. నీళ్లలోకి దిగాలి.

"నాను దిగుతాను. నువ్వు పైనుంచి సెప్పు," అన్నాడు సూరన్న.

అప్పలసూరి తల ఊపాడు. ఆ క్షణంలో అతనికి కలిగిన హాయి ఇంతా అంతా కాదు. సూరన్న చొక్కా విప్పుతుండగా చెప్పడం మొదలుపెట్టాడు. ముందు పిన్ను తియ్యాలి, తర్వాత నట్టు, దాని వెనక బిళ్ల, ఫ్యాను లాగాక లోపల ఇంకో మందం బిళ్ల, దాని వాలు ఇంజను వైపు ఉండాలి... చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. సూరన్న ఆ బిళ్లని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అది చెయ్యి జారితే ఏడుగురి పనీ అయిపోయినట్టే.

"వొగ్గేయ్ బావా," అన్నాడు. "తాడు నాకు కట్టు."

నడుముకి తాడు బిగించి సూరన్న పట్టుకున్నాడు. నీళ్లు ఛాతీకి తగిలేసరికి అప్పలసూరికి ఊపిరి లోపలికి పోయి మళ్లీ బయటికి రాలేదు. బోటు వెనక భాగం రోకలిలా లేచి దిగుతోంది. దిగినప్పుడల్లా అతన్ని కిందికి తొక్కుతోంది. కాళ్ల కింద ఏమీ లేదు. ఏదో నాచు పిక్కకి చుట్టుకుంది. అతనికది వలే అనిపించింది. రెండు చేతులూ వదిలేసి కాలు విదిలించుకోబోయాడు. తల మునిగింది. పచ్చటి చీకటి, చెవుల్లో హోరు. తాడు లాగి సూరన్న పైకి తెచ్చాడు.

"పైకొచ్చీ బావా, ఈదుకుందాం."

"చాపలోనోడు?" అన్నాడు అప్పలసూరి దగ్గుతూ. మళ్లీ ఫ్యాను పట్టుకున్నాడు.

పాత పిన్ను లాగేశాడు. నట్టూ, దాని వెనక బిళ్లా విప్పి నోట్లో పెట్టుకున్నాడు. గ్రీజూ ఉప్పూ కలిసి నాలిక్కి తగిలాయి. పాత ఫ్యాను రెండు గుంజులకి వచ్చింది, సూరన్నకి అందించాడు. మందం బిళ్ల కడ్డీ మీదే ఉండిపోయింది. దాన్ని బొటనవేలితో అదిమిపట్టి, పదమూడు ఫ్యాను ఎక్కించి, బిళ్లా నట్టూ బిగించాడు. మొదటి పిన్ను తడి వేళ్లలోంచి జారి సముద్రంలో పడిపోయింది. రెండోది తీసుకునే ముందు కెరటం ఎగసి పక్కనే విరిగిన చప్పుడు వినిపించింది. తల తిప్పితే రాళ్ల మీద అంటుకున్న ఆల్చిప్పలు కనిపించాయి. తల తిప్పినందుకు తన్ను తాను తిట్టుకుని, కళ్లు మూసుకుని, చేతి స్పర్శతోనే కన్నం వెతికి పిన్ను దూర్చి, కొసలు వంచాడు.

ఇంజను మూడో లాగుకి అంటుకుంది. పదమూడు ఫ్యాను నీళ్లని పట్టుకున్న చప్పుడు అప్పలసూరి బోటు అడుగున పడుకుని విన్నాడు. బోటు ఎగరలేదు, దూకలేదు. ఏడుగురినీ మోసుకుంటూ, కొండకి వీపు చూపించి, గాలికి ఎదురు నడిచింది.

జెట్టీ మీద వంటవాణ్ణి అంబులెన్సులో ఎక్కించారు. ఆ రోజే కడుపు కోసి బతికించారని తర్వాత తెలిసింది. అప్పలసూరిని మాత్రం ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఇంటికి చేర్చారు. మూడు రోజులు జ్వరం. నాలుగో రోజు గంజి పట్టుకొచ్చిన గంగాలమ్మతో, ఇన్నేళ్లుగా దాచుకున్న సంగతి చెప్పేశాడు.

"నాకు సముద్రమంటే బయ్యమే."

"తెలుసు మావా. పెళ్లైన నెలకే తెలుసు. బీచికెల్తే నీల్లకి వీపెట్టి కూకుంతావు."

"మరెప్పుడూ అన్నేదేటి?"

"అని ఏటి సెయ్యను? మా అన్న రోజూ నువ్వు బిగించిన ఇంజను మీదే ఎల్తన్నాడు. నీకు బయ్యం నేకపోతే నాకు బయ్యమేసీది," అని గంజి గ్లాసు చేతికిచ్చింది.

సంక్రాంతి దాటాక శ్రీరామ్మూర్తి గారు వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. "తప్పు నాదే సూరీ," అన్నారు. ఆ మాట అంత సూటిగా వస్తుందని అప్పలసూరి అనుకోలేదు. పెద్ద ఇంజను అమ్మేసి పాతికవి రెండు తెప్పించారు. ఏ ఫ్యాను బిగించాలో నువ్వే చెప్పమన్నారు. నెల జీతం మీద బోటు ఇంజనీరుగా రమ్మని కూడా అడిగారు. దానికి మాత్రం అప్పలసూరి ఒప్పుకోలేదు.

రెండింటికీ చిన్న అంకె ఫ్యాన్లే ఎంచాడు. ఒక ఇంజను ఆగిపోతే మిగిలినది పూర్తి బరువుతో ఒడ్డు చేర్చగలదో లేదో చూడకుండా బోటు ఎవరికీ ఇవ్వనన్నాడు. ఫిబ్రవరిలో ఒక ఉదయం, ఈసారి బస్తాలు కాకుండా ఎనిమిది మంది మనుషుల్నే ఎక్కించుకుని కొండ ఎదురుగా పోయారు. ఎక్కే ముందే అప్పలసూరి అందరూ చూస్తుండగా నడుముకి తాడు కట్టుకుని రెండో కొస బోటు కొక్కేనికి ముడివేశాడు. ఎవరో నవ్వారు. సూరన్న ఒక్క చూపు చూసేసరికి ఆ నవ్వు ఆగింది.

"ఇప్పుడు ఎడం పక్కది ఆపీ బావా," అన్నాడు అప్పలసూరి.

ఒంటి ఇంజను మీద హార్బరు గోడ చేరడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అంతసేపూ అతని పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి. ఒడ్డెక్కాక ఆ అంకెని షెడ్డు తలుపు మీద సుద్దతో రాసుకుని, రెండో ఇంజనుకి కూడా అంతే పడుతుందో లేదో చూద్దాం పదమని సూరన్నని మళ్లీ బోటు దగ్గరికి తీసుకెళ్లాడు.