లాల్‌గడి మలక్‌పేట్ చేరని ఉపవాస ప్రయాణం

మా అత్తమ్మ మోకాళ్ల నొప్పులతోనే ఈ ప్రయాణం మొదలైంది. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఆమె చెల్లెలి ఇంట్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన. అక్కడ మోకాళ్ల కోసం ప్రార్థన చేయించుకోవాలని ఆమె పట్టు. కొంపల్లి నుంచి మేడ్చల్‌కు బస్సెక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితమే గానీ, పొద్దున తొమ్మిది దాటితే నిలబడడానికీ చోటు దొరకదు. మేడ్చల్‌లో శామీర్‌పేట్ మీదుగా వెళ్లడానికి మూడు వందలకు ఆటో మాట్లాడి, బేరంలో నెగ్గానని మురిసిపోయాను.

ఊరు దాటీ దాటకముందే అత్తమ్మ కడుపు పట్టుకుని ముందుకు వంగింది. ముఖమంతా చెమట.

"ఏమైతాంది అత్తమ్మా?"

"కడుపుల మంట బిడ్డా. గదే పోతది."

"పొద్దున ఏమన్న తిన్నవా?"

"ఉపాసం గదా, ఎట్ల తింట? నొప్పుల గోలీ ఏసుకున్న. బస్టాపుల ఇంకోటి. గోలీతోటి ఉపాసం చెడదు గదా!"

నాకు ఒళ్లు మండింది. ఆమె సంచిలో చూస్తే రెండు మాత్రల షీట్లున్నాయి, ఒకటి ఇంట్లోది, ఇంకోటి పక్కింటామె ఇచ్చింది. పైన పేర్లు వేరు. వెనక చిన్న అక్షరాల్లో మాత్రం రెండింటి మీదా ఐబుప్రోఫెనే. వారం నుంచి రెండూ కలిపి మింగుతోందట. ఇలాంటి మాత్రలతో కడుపులో రక్తం కారితే మలం నల్లబడుతుందని ఎక్కడో విన్నాను.

"దొడ్డికి నల్లగ వస్తాందా?" అని అడిగేశాను.

అత్తమ్మ డ్రైవర్ వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతనికి అర్థమైంది. ఆటో పక్కకు ఆపి, "టైర్ల గాలి సూసొస్త అక్కా" అంటూ దిగి, దూరంగా అటు తిరిగి నిలబడ్డాడు.

"నిన్నటిసంది తారు లెక్క అయితాంది. మొగమనిషి ముందట గిట్లడుగుతరా?" అంది నా చెవిలో.

"అన్నా, జల్దీ రా! దవాఖానకు పోవాలె!"

"మేడ్చలే దగ్గర అక్కా, వెనకకు తిప్పుత."

దారంతా ఆమె ప్రార్థనకు ఆలస్యమవుతుందనే గొణిగింది. చల్లబడిన ఆమె చెయ్యి నేను వదలలేదు. ఆసుపత్రిలో పరీక్ష చేసి, కడుపులో పుండు పడి రక్తం కారుతోందని, ఇంకా ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని డాక్టర్ చెప్పారు.

డాక్టర్ చీటీ లేకుండా దొరికే మాత్రే కదా అని మనం చులకనగా చూస్తాం. ప్రయాణం సంచి సర్దేటప్పుడు షీటు వెనక మందు పేరు చదవండి. ఐబుప్రోఫెన్ లాంటివి రెండు రకాలు కలపొద్దు, ఖాళీ కడుపున వేసుకోవద్దు, తిన్నాకైనా రోజుల తరబడి వాడొద్దు. కడుపు పుండు ఉన్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా అసలు ముట్టుకోవద్దు. మలం నల్లబడితే ప్రయాణం అక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్లండి.

సాయంత్రం నర్సు వచ్చి, "రేపటిదాక ఏం తినొద్దు, ఏం తాగొద్దు" అంది. సెలైన్ పెట్టిన చేత్తోనే అత్తమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"సూసినవా, ఉపాసం చెడలే" అంది.

పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపంతా అప్పుడొచ్చింది.