మఘ్నియా మట్టి, పాత అయస్కాంతాలు

"నీ సీసా మురికి, లఖ్దర్!" అని డాక్టర్ జూలీఖా అందరి ముందూ అనేసింది. ఖరీదైన పల్లాడియం లోహం లేకుండానే తను తయారుచేసిన పొడే రసాయన చర్యను నడిపించిందని ప్రొఫెసర్ లఖ్దర్ అప్పుడే చెప్పి కూర్చున్నాడు.

"కడిగింది ఈవిడ," అని నన్ను చూపించాడు.

"ఖాల్తీ కడిగితే అద్దమే. లోపల ద్రవాన్ని కలుపుతూ గిరగిరా తిరిగే ఆ తెల్ల అయస్కాంతం ముక్క పాతది. దాని గీతల్లో పాత పల్లాడియం దాక్కుంది. అది ఏ సబ్బుకీ రాదు."

నా చేత కొత్త ముక్క వేయించింది. సాయంత్రం దాకా తిరిగినా సీసాలో ఏ మార్పూ లేదు. లఖ్దర్ కోటు తీసుకుని వెళ్లిపోయాడు.

ఒరాన్‌ నగరంలో ఆ ప్రయోగశాల గాజుసామాను ముప్ఫై ఏళ్లు కడిగాను. అక్కడ అందరికీ నేను ఖాల్తీని, అంటే పిన్నిని. నా చదువు నాలుగో తరగతి. నా చేతి శుభ్రం ఏ డిగ్రీకీ తీసిపోదు. ఉత్ప్రేరకాల విద్యలో దేశమంతా పేరున్న జూలీఖాకు ఆ సంగతి తెలుసు.

పల్లాడియం కొనలేని మన ఫ్యాక్టరీలకు మన మఘ్నియా ఊళ్లో తవ్వే మట్టే ఆ పని చేసిపెట్టాలని పన్నెండేళ్లు కుస్తీ పట్టింది. పోయిన వసంతంలో మట్టి పని చేసింది. అందరూ మక్రూద్‌ మిఠాయి పంచుకున్నారు. ఆమె ముట్టకుండా నా తొట్టి దగ్గరికి వచ్చింది.

"ఖాల్తీ, నా అయస్కాంతాలూ పాతవే."

"లఖ్దర్‌కి తెలిస్తే పండగే."

"చేసుకోనీ. ఎనిమిది సీసాలు సిద్ధం చెయ్యి. కొన్నింట్లో కొత్తవి, కొన్నింట్లో పాతవి వెయ్యి. ఏది ఏదో రాసి నీ దగ్గరే దాచు. పని పూర్తయ్యేదాకా నేను కాళ్లు పట్టుకున్నా చెప్పకు."