వేలా గంట కొట్టిన అంగుస్తియాస్

మా గ్రనాడా ఊళ్లో జనవరి రెండో తారీఖున పెళ్లికాని ఆడపిల్లలు అల్హంబ్రా కోటలోని వేలా బురుజు ఎక్కి గంట కొడతారు. కొట్టిన పిల్లకి ఏడాది తిరిగేలోపు పెళ్లవుతుందని నమ్మకం. నేనూ కొట్టాను, అయింది, దాని సంగతి ఇప్పుడెందుకు. మా గోమెరెస్ వీధిలో మొన్నటిదాకా ఆ గంట కొట్టని ఆడమనిషి ఒక్క అంగుస్తియాస్ మాత్రమే.

అంగుస్తియాస్ ఆ వీధి మొదట్లో చలికాలం కాల్చిన చెస్ట్‌నట్‌లు అమ్ముతుంది. వేసవిలో నాగజెముడు పళ్లకి ముళ్లు తీసి కోసిస్తుంది. అల్హంబ్రాకి దారేదని అడిగిన వాళ్లకి చేతిలో ఉన్న కత్తితోనే పైకి చూపిస్తుంది. సగం మంది భయపడి, థాంక్స్ చెప్పకుండానే వెళ్లిపోతారు.

ఆమెకి ఇంకా ఇరవై నిండకముందే తల్లీ తండ్రీ ఒకే చలికాలంలో పోయారు. ముగ్గురు తమ్ముళ్లు ఆమె చేతుల్లో పడ్డారు. ఏటా గంట కొట్టే రోజున మేమంతా ఉన్నవాటిలో మంచి కోట్లు వేసుకుని బయల్దేరుతూ ఆమెనీ పిలిచేవాళ్లం.

"గంట కొడితే మొగుడొస్తాడు. వాడొచ్చి నన్ను తీసుకుపోతే వీళ్లకి ఎవరే వండి పెట్టేది, నువ్వా?" అనేది.

కొన్నేళ్లకి పిలవడం మానేశాం. ఆఖరి తమ్ముడు కూడా వేరే ఇంటికి వెళ్లేసరికి ఆమెకి అరవై దాటాయి, ఎడమ మోకాలు అరిగిపోయింది.

ఆమె బండికి ఎదురుగానే బల్తసార్ దుకాణం. రంగురంగుల చెక్క ముక్కలు పొదిగి నగిషీ పెట్టెలు చేస్తాడు. అతనూ పెళ్లి చేసుకోలేదు. సాయంత్రం కుర్చీ తెచ్చుకుని ఆమె కుంపటి పక్కన కూర్చుంటాడు. చెస్ట్‌నట్‌లు ఒలుచుకు తిని, వాన గురించి ఓ ముక్క మాట్లాడి, "వస్తానండీ" అని లేస్తాడు. ఆమె కళ్లు అతను తలుపు మూసేదాకా అటే ఉంటాయి. ఇది వీధంతా చూస్తోంది, ఆ మహానుభావుడు తప్ప. నాకు ఒళ్లు మండేది.

మొన్న క్రిస్మస్‌కి ఒక కబురు తెలిసింది. బల్తసార్ దుకాణం ఖాళీ చేస్తున్నాడు. జనవరి ఆరున ముగ్గురు రాజుల పండగ కాగానే అల్మెరియా ఊళ్లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతాడట, ఇక తిరిగి రాడట. ఆ మాట ఆమెకి నేనే చెప్పాను. మూకుట్లో కాయలు మాడుతున్నా ఆమె కలపలేదు.

"ఉండిపొమ్మని అడగవే" అన్నాను.

"అడగాల్సింది వాడు. నేను గంట కొడతాను. కొట్టానని తెలిశాక కూడా నోరు విప్పకపోతే ఇక వాడి ఖర్మ."

"ఆ మోకాలితోనా?"

"గంట కొట్టేది చేత్తో."

రెండో తారీఖు పొద్దున బండి తెరవలేదు. పెట్టెలోంచి తీసిన నల్లకోటు వేసుకుని మా ఇంటి ముందు నిలబడింది. దానిమ్మకాయల ద్వారం దాటగానే ఎత్తు మొదలవుతుంది. కార్లోస్ రాజు ఫౌంటెన్ గట్టు మీద కూలబడింది. న్యాయద్వారం కింద గోడ పట్టుకుని ఆయాసపడింది. నేను వెనక్కి పోదామన్న ప్రతిసారీ నాకంటే ముందు నడిచింది.

బురుజు కింద పెద్ద వరస ఉంది. అంతా కుర్రపిల్లలు.

"అవ్వా, మనవరాలి కోసం వచ్చావా?" అంది మా ముందున్న పిల్ల.

"నా కోసమే."

"మరి ఇన్నాళ్లూ ఏం చేశావ్?"

"మీ నాన్నలాంటి వాళ్లని పెంచాను. జరుగు."

పిల్లలు పగలబడి నవ్వారు. ఒక్కతీ జరగలేదు.

మేం గుమ్మం దాకా వచ్చేసరికి కాపలావాడు తలుపు మూయబోయాడు.

"అయిపోయిందమ్మా, వచ్చే ఏడు రండి."

"వచ్చే ఏడు నాకు పనికిరాదు నాయనా."

"నేనేం చెయ్యను? రూలు రూలే."

అంగుస్తియాస్ గుమ్మంలో చతికిలబడింది. "అయితే నన్ను ఇక్కడే పెట్టి మూసెయ్" అంది.

అప్పుడే గంట కొట్టి దిగొచ్చిన, ఇందాక అవ్వా అన్న పిల్లే ముందుగా అరిచింది, "ఆవిణ్ణి పోనివ్వవయ్యా!" అని. మిగతా పిల్లలు అందుకున్నారు. కాపలావాడు చెవులు మూసుకుని, "ఆవిడ ఒక్కరే!" అన్నాడు. నేనూ దూరాను.

లోపల మెట్లు ఇరుకు. సగంలో మోకాలు మొరాయించింది. ఆమె మెట్టు మీద కూర్చుంది. చేతులు వెనక్కి ఆనించి, వీపు పైమెట్ల వైపు పెట్టి, కూర్చున్నట్టే ఒక్కో మెట్టూ జరగడం మొదలుపెట్టింది. నల్లకోటంతా దుమ్ము. నాకు ఏడుపొచ్చింది. కింద తీరిగ్గా సామాను సర్దుకుంటున్న ఆ మొద్దు మీద కోపమూ వచ్చింది.

"ఇక చాలే, దిగు."

"నోర్మూసుకుని నా సంచి పట్టుకో."

పైన గాలి కోసేస్తోంది. ఎదుటి కొండ మీద అల్బయిసీన్ పేట తెల్ల ఇళ్లు, కింద కేథడ్రల్, వెనక మంచుకొండలు. ఆమె దేన్నీ చూడలేదు. తాడు చేతులకి చుట్టుకుని లాగింది. ఇంకా గట్టిగా లాగింది. కింద నుంచి కాపలావాడు చాలు చాలని అరుస్తున్నా తన తృప్తి తీరేదాకా కొట్టింది.

దిగుతూ అడిగాను. "కొట్టింది నువ్వని వాడికెలా తెలుస్తుందే?"

"నేనే వెళ్లి చెబుతాను."

నేరుగా దుకాణంలోకి వెళ్లింది. బల్తసార్ అరలు ఖాళీ చేస్తున్నాడు.

"గంట విన్నావా?"

"పొద్దుటి నుంచీ మోగుతూనే ఉందండీ."

"ఆఖర్న కొట్టింది నేను."

అతను చేతిలోని పెట్టె కింద పెట్టాడు. ఆమె కోటు మీది దుమ్ము చూశాడు.

"మీరెప్పుడూ ఎక్కేవారు కాదు కదండీ" అన్నాడు. "ఏటా ఈ రోజున తలుపు దగ్గర నిలబడి చూసేవాణ్ణి. వీధిలో ఆడపిల్లలంతా వెళ్లేవారు, మీరు బండి దగ్గరే ఉండిపోయేవారు. మీకు పెళ్లి వద్దు కాబోలనుకున్నాను. వద్దనుకున్న మనిషిని ఎలా అడగనండీ?"

అంగుస్తియాస్ బల్ల అంచు పట్టుకుంది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

"తమ్ముళ్లని చూసుకోవాలి, అందుకని ఎక్కలేదు" అంది. ముఖం తుడుచుకుని తలెత్తింది. "ఇప్పుడు ఎక్కాను. అడుగు."

అడిగాడు.